అవార్డులో అంకె – చేతికందిన అంకె: చిన్న గాయాల పరిహారం, వకీలు ఫీజుల చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు “మీ శాఖలో మీరు చూసిన చరిత్ర ఏదైనా వ్రాయండి” అని కార్యదర్శిగారు కోరారు. నేను రెవెన్యూలోగాని, ట్రెజరీలోగాని పనిచేసినవాణ్ని కాను. 1976లో జిల్లా కోర్టు కార్యాలయంలో కాపీయిస్టుగా చేరి, మెట్టు మెట్టు ఎక్కి, 2008లో 58 ఏళ్ళు నిండి రిటైరయ్యాను. అందులో అధిక భాగం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ సెక్షనులోనే గడిచింది. కాబట్టి నాకు తెలిసిన విషయమే వ్రాస్తున్నాను.

ప్రమాదంలో మనిషి పోతే వచ్చే లక్షల గురించి పత్రికలు వ్రాస్తాయి. నేను వ్రాయబోయేది చిన్న గాయం గురించి. స్కూటరు తగిలి మోకాలు చీరుకుపోవడం, బస్సు దిగుతుండగా కదిలించేస్తే పడి భుజం వాయడం, నాలుగు కుట్లు, పది రోజుల మంచం. ట్రిబ్యునల్‌కు వచ్చే కట్టల్లో ఇలాంటివి తక్కువేమీ కాదు. వీటిలో చట్టం వ్రాసిన అంకె ఒకటి, జడ్జిగారు అవార్డులో వేసిన అంకె ఒకటి, చివరకు గాయపడినవాడి చేతికందిన అంకె మరొకటి. మొదటి రెండు అంకెల చరిత్ర పుస్తకాల్లో ఉంది. మూడవదాని సంగతి ఎవరూ వ్రాయరు.

చట్టం పుట్టుక

పూర్వం ప్రమాదంలో దెబ్బ తగిలినవాడికి దారి ఒక్కటే. సివిలు కోర్టులో దావా వేయాలి. కోరిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు స్టాంపులు కొనాలి. ఎదుటివాడి నిర్లక్ష్యాన్ని సాక్ష్యంతో నిరూపించాలి. ఇంగ్లండులో 1846లో లార్డ్ క్యాంప్‌బెల్ పేరున ప్రసిద్ధమైన చట్టం వచ్చి, ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారం అడిగే హక్కు నిచ్చింది. దాని ననుసరించి మన దేశంలో 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం చేశారు. అయితే అది చనిపోయినవారి వారసుల కోసం. బ్రతికి బయటపడిన చిన్న గాయం మనిషి పాత దావా దారినే పోవాలి. నాలుగు కుట్లకు ఎవరు దావా వేస్తారు? వేయలేదు.

1923లో కార్మికుల పరిహార చట్టం వచ్చింది. పట్టిక చూసి ఇంత గాయానికి ఇంత సొమ్ము అని లెక్కకట్టే పద్ధతి దానితో ఇక్కడ స్థిరపడింది. కాని అందులోనూ చిన్న గాయానికి గుమ్మం దగ్గరే అడ్డుకట్ట ఉంది. పది రోజులకు మించి పనికి దూరమైతేనే పరిహారం అన్నారు. తరువాత సవరణలతో ఆ గడువు తగ్గుతూ చివరకు మూడు రోజులైంది. చిన్న గాయాన్ని గాయంగా ఒప్పుకోవడానికి చట్టం ఎప్పుడూ కొంత వెనుకాడిందని చెప్పడానికి ఇది తొలి గుర్తు.

మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చింది. మూడవ వ్యక్తికి కలిగే నష్టానికి వాహన యజమాని తప్పనిసరిగా ఇన్సూరెన్సు చేయించాలనే భాగం మాత్రం 1946 జూలై 1 నుంచి అమలయింది. 1956 సవరణ చట్టంతో క్లెయిముల ట్రిబ్యునళ్ళ ఏర్పాటుకు వీలు కలిగింది. దావా బదులు దరఖాస్తు, బరువైన స్టాంపుల బదులు స్వల్ప ఫీజు, తొందరగా తీర్పు – ఇదీ ఉద్దేశం. దరఖాస్తుకు గడువు మొదట 60 రోజులు, తరువాత ఆరు నెలలు.

ఆ స్వల్ప ఫీజు కూడా కట్టలేని పేదలుంటారు. ప్రమాదంలో ప్రభుత్వ రవాణా బస్సు క్రింద పడి పోయినవాని భార్యాబిడ్డలు కోర్టు ఫీజు మినహాయించమంటే, హర్యానా ప్రభుత్వం అభ్యంతరం చెప్పి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ ప్రభుత్వాన్ని గట్టిగా మందలించి, నిరుపేదలకిచ్చే మినహాయింపు ట్రిబ్యునళ్ళకూ వర్తిస్తుందన్నారు. ప్రభుత్వానికి కట్టే ఫీజు సమస్య అలా తీరింది. వకీలుకు కట్టే ఫీజు సమస్య మిగిలింది.

వెయ్యి రూపాయల చరిత్ర

మన పెన్షనర్లకు డి.ఎ. సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు కదా. ధరలు పెరిగితే అది పెరుగుతుంది. ఆలస్యమైనా బకాయిలతో వస్తుంది. చిన్న గాయం పరిహారానికి అలాంటి డి.ఎ. లేదు. దాని కథ వినండి.

తప్పెవరిదైనా సరే, విచారణ లేకుండా కొంత సొమ్ము తక్షణం ఇవ్వాలనే నియమం 1982లో వచ్చింది. మరణానికి రూ. 15,000, శాశ్వత అంగవైకల్యానికి రూ. 7,500. 1988 నాటి కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి రాగా అవి రూ. 25,000, రూ. 12,000 అయ్యాయి. 1994 సవరణతో రూ. 50,000, రూ. 25,000 అయ్యాయి. శాశ్వత వైకల్యం లేని గాయానికి మాత్రం ఈ మూడుసార్లూ దక్కింది సున్నా. దెబ్బ మానిపోతే ఆ తలుపు తెరుచుకోదు.

1994 నవంబరు 14 నుంచి చట్టానికి రెండవ షెడ్యూలు తగిలించారు. వయసు, ఆదాయం చూసి మొత్తం తేల్చే పట్టిక అది. దాని అడుగున నొప్పి, బాధల పద్దు ఒకటుంది. తీవ్ర గాయానికి రూ. 5,000, స్వల్ప గాయానికి రూ. 1,000. వైద్య ఖర్చులు బిల్లుల ప్రకారం, రూ. 15,000 మించకుండా. పట్టికలో అనేక లోపాలున్నాయని 1996లో సుప్రీంకోర్టే ఎత్తిచూపింది. అయినా అది చట్టంలో అలాగే ఉండిపోయింది.

జీవన వ్యయం చూసి షెడ్యూలును ఎప్పటికప్పుడు సవరించవచ్చునని చట్టం కేంద్ర ప్రభుత్వానికి అధికారమిచ్చింది. సవరించడానికి 2018 మే నెల వచ్చింది. ఇరవైమూడున్నర సంవత్సరాలు ఆ వెయ్యి వెయ్యిగానే ఉంది. మన డి.ఎ. ఈ మధ్యలో ఎన్నిసార్లు మారిందో మీకే తెలుసు. ట్రిబ్యునళ్ళు ఈ షెడ్యూలుకు పూర్తిగా కట్టుబడనక్కరలేదు. నిర్లక్ష్యం నిరూపించిన కేసుల్లో న్యాయమైన పరిహారం ఎంతైనా వేయవచ్చు. అయినా చట్టంలో ఒక అంకె కనబడుతుంటే కలం దాని చుట్టూనే తిరుగుతుంది. ఒక్కో స్వల్ప గాయానికి ఇంత అని లెక్కకట్టిన అవార్డులు నా చేతులమీదుగా ఎన్నో పోయాయి.

2018లో ఒక్కసారిగా మార్చారు. మరణానికి రూ. 5 లక్షలు, శాశ్వత వైకల్యానికి శాతాన్ని బట్టి, కనీసం రూ. 50,000, స్వల్ప గాయానికి రూ. 25,000. 2019 జనవరి నుంచి ఏటా 5 శాతం పెంపు కూడా వ్రాశారు. చిన్న గాయానికీ డి.ఎ. వచ్చిందని సంతోషించవలసిన రోజు. ఆ సంతోషం నాలుగేళ్ళే. 2019 సవరణ చట్టంలోని సంబంధిత భాగాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. దానితో రెండవ షెడ్యూలు పోయింది. తప్పు నిరూపించనక్కరలేని కొత్త 164వ సెక్షనులో రెండే అంకెలు: మరణానికి రూ. 5 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 2.5 లక్షలు. స్వల్ప గాయం పేరే లేదు. అది మళ్ళీ నిర్లక్ష్యం నిరూపించుకొనే పాత దారిలోకి వెళ్ళింది.

ఒక్క మాటలో ఉన్న తేడా

కనుక నేడు ఆసుపత్రిలో ఇచ్చే గాయాల సర్టిఫికెట్‌పై డాక్టరుగారు ‘స్వల్పం’ అని వ్రాశారా, ‘తీవ్రం’ అని వ్రాశారా అన్నది చాలా ముఖ్యం. తీవ్ర గాయమంటే ఏమిటో భారతీయ శిక్షాస్మృతి 320వ సెక్షను ఎనిమిది రకాలుగా చెప్పింది. ఎముక విరిగినా, తొలగినా, పన్ను విరిగినా తీవ్ర గాయమే. ఇరవై రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో, 116వ సెక్షను క్రింద, ఆ ఇరవై రోజులు పదిహేను రోజులయ్యాయి.

మన వయసువారు ఇది గుర్తుంచుకోవాలి. ముప్పై ఏళ్ళవాడు వారంలో లేచి తిరిగే దెబ్బ డెబ్బై ఏళ్ళవాణ్ని నెల రోజులు మంచాన పడేస్తుంది. అది కాగితం మీదకు రావాలి. ఎక్స్‌రేలో సన్నని పగులు కనబడినా, పదిహేను రోజులు లేవలేకపోయినా, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పి కేసు షీటులో వ్రాయించుకోవాలి. అబద్ధం వ్రాయించమని నేను చెప్పడం లేదు. నిజం వ్రాయకుండా పోనివ్వవద్దని చెబుతున్నాను.

ఫీజు సంగతి

ఇక అసలు విషయం. మన దేశంలో ఇంగ్లండు తరహా సొలిసిటర్లు, అంటే అటార్నీలు, ప్రెసిడెన్సీ నగరాల హైకోర్టుల్లో మాత్రమే ఉండేవారు. 1976 సవరణతో చట్టరీత్యా ఆ రెండు తరగతుల విధానం ముగిసింది. మన జిల్లాల్లో ఎప్పుడూ ఉన్నది ప్లీడరు, వకీలు, అడ్వకేటు. 1926 చట్టం వకీలు తన కక్షిదారుతో ఫీజు ఒప్పందం చేసుకోవచ్చునని, రాకపోతే దావా వేసి వసూలు చేసుకోవచ్చునని చెప్పింది. అయితే ఒప్పందంలో ఒక హద్దు ఉంది. గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత వాటా అని మాట్లాడుకోకూడదు.

ఈ హద్దులో ఒక విచిత్రముంది. ఇతరుల వ్యాజ్యానికి డబ్బు పెట్టి ఫలితంలో వాటా తీసుకోవడాన్ని ఇంగ్లండు న్యాయం నిషేధించింది. ఆ నిషేధం భారతదేశంలో వర్తించదని 1876లో ప్రివీ కౌన్సిలు చెప్పింది. అంటే ఇక్కడ వడ్డీ వ్యాపారి వ్యాజ్యానికి పెట్టుబడి పెట్టి వాటా పుచ్చుకోవచ్చు. వకీలు మాత్రం పుచ్చుకోరాదు. 1954లో ‘జి’ అనే ఒక్క అక్షరంతో పేర్కొన్న ఒక న్యాయవాది కేసులో సుప్రీంకోర్టు ఇదే ఖరారు చేసింది. వచ్చే సొమ్ములో సగం తనకని ఆయన కక్షిదారుతో ఒప్పందం వ్రాయించుకున్నారు. మామూలు మనుషుల మధ్య అయితే ఆ ఒప్పందంలో తప్పులేదు, న్యాయవాది చేస్తే మాత్రం వృత్తి దుష్ప్రవర్తన అని కోర్టు తేల్చింది. తరువాత భారత బార్ కౌన్సిల్ నియమాల్లో 20వ నియమంగా ఇదే వచ్చింది. ఫలితాన్ని బట్టి ఫీజు నిర్ణయించుకోరాదు, వచ్చినదాంట్లో వాటాకు ఒప్పుకోరాదు.

నియమం ఇది. ఆచరణ ఏమిటో కోర్టు ఆవరణలో పదేళ్ళు తిరిగిన ప్రతివారికీ తెలుసు. ట్రిబ్యునల్ కేసుల్లో ముందుగా చేతిలో ఫీజు పెట్టినవారు నాకు తెలిసి బహు తక్కువ. పాతిక వంతని ఒకరు, మూడో వంతని ఒకరు చెప్పుకొనేవారు. కాగితం మీద ఉండదు కాబట్టి ఎవరూ నిరూపించలేరు, ఎవరూ కాదనలేరు.

ఇక్కడ వకీళ్ళను తిట్టడం నా ఉద్దేశం కాదు. వారి వైపు మాట కూడా చెప్పాలి. కూలికి పోయేవాడు ముందుగా ఫీజు ఎక్కడ తెస్తాడు? పోలీసు కాగితాల నకళ్ళు, టైపు ఖర్చు, డాక్టరును సాక్ష్యానికి పిలిపించే బత్తా, వాయిదా వాయిదాకూ హాజరు – ఇవన్నీ వకీలే పెట్టుకొని మూడు నాలుగేళ్ళు ఎదురుచూస్తాడు. కేసు పోతే ఆ ఖర్చంతా పోయినట్లే. ఆ వాటా మీద ఆశ లేకపోతే పేదవాడి చిన్న కేసు పట్టుకొనే వకీలే ఉండడు. నిజాయితీగా, మాట్లాడుకున్నదానికి పైసా ఎక్కువ పుచ్చుకోని న్యాయవాదులను, పేదల దగ్గర ఫీజే తీసుకోనివారిని కూడా నేను చూశాను. ఒక కొలత కాగితం మీద లేకపోవడమే చిక్కు. కొలత లేనిచోట మంచివాడూ, చెడ్డవాడూ ఒకే చీకటిలో ఉంటారు.

చిన్న కేసులో ఈ చీకటి ఇంకా దట్టం. పెద్ద కేసుకైనా, చిన్న కేసుకైనా వకీలు పడే శ్రమ ఇంచుమించు ఒకటే. అదే దరఖాస్తు, అదే సాక్ష్యం, అవే వాయిదాలు. శ్రమ తగ్గదు, సొమ్ము తగ్గుతుంది. ఉదాహరణకు పాత షెడ్యూలు రోజుల్లో ఒక లెక్క వేసి చూద్దాం. మందుల బిల్లులు రూ. 3,000, పని పోయిన రోజుల కూలి రూ. 1,500, నొప్పికి రూ. 1,000. మొత్తం రూ. 5,500. అందులో మూడో వంతు పోతే మిగిలేది రూ. 3,667. పది వాయిదాలకు వచ్చిపోయిన బస్సు ఛార్జీ, పోయిన కూలి కలిపి వాయిదాకు వంద చొప్పున వేయి రూపాయలు తీసేయండి. రూ. 2,667 మిగిలింది. వడ్డీ కలిస్తే కొంత పెరుగుతుంది, అందులోనూ వాటా ఉంటుంది. మూడేళ్ళు తిరిగి కేసు గెలిచినవాడికి మందుల ఖర్చే పూర్తిగా రాలేదన్నమాట. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడన్న సామెత ఊరకే పుట్టలేదు.

అవార్డు చివర ‘ఖర్చులతో సహా’ అని ఉంటుంది. అందులో వకీలు ఫీజు క్రింద ట్రిబ్యునల్ ఒక మొత్తం నిర్ణయించి ఎదుటి పక్షంపై వేస్తుంది. ఆ పద్దు కక్షిదారుకు ఖర్చు పూడ్చడానికి ఉద్దేశించినది. చాలామంది కక్షిదారులు ఆ పద్దు ఉన్న సంగతే ఎరుగరు. మా కౌంటరు దగ్గరకు ఆకుకూరలు అమ్ముకొనే ఒక వృద్ధురాలు వచ్చి, “బాబూ, నాకెంత రాశారో ఒక్కసారి చదివి చెప్పు” అని అడిగింది. చదివి చెప్పాను. మళ్ళీ చదవమంది. తనకు చెప్పిన అంకె వేరని అప్పుడర్థమైంది. తీర్పు ఆమె చేతిలోనే ఉంది, ఇంగ్లీషులో ఉంది.

సొమ్ము చేతులు మారే దారి

ఇన్సూరెన్సు కంపెనీ గాని, ఆర్టీసీ గాని అవార్డు సొమ్మును ట్రిబ్యునల్‌లో డిపాజిట్ చేసేది. ఆర్టీసీ వంటి ప్రభుత్వ రవాణా సంస్థలు సొంత నిధి ఏర్పరచుకుంటే ఇన్సూరెన్సు నుంచి మినహాయింపు పొందవచ్చునని చట్టంలో ఉంది. అందుకే బస్సు కేసుల్లో నేరుగా సంస్థే కట్టేది. తరువాత కక్షిదారు తరఫున చెక్కు పిటిషన్ పడేది. వకాల్తా మీద మొదటి రోజే వేయించుకున్న వేలిముద్రలో సొమ్ము తీసుకొనే అధికారం కూడా ఉండేది. ఆ కాగితంలో ఏముందో వేలిముద్ర వేసినవారికి తెలిసేది కాదు.

ఇది గమనించే సుప్రీంకోర్టు 1990ల తొలి సంవత్సరాల్లో కేరళ ఆర్టీసీ కేసులో మార్గదర్శకాలిచ్చింది. అంతకుముందు గుజరాత్ హైకోర్టు వేసిన బాట అది. మైనర్ల సొమ్ము, చదువురానివారి సొమ్ము బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టుగా ఉంచి, వడ్డీ వారికే నేరుగా ఇవ్వాలని చెప్పింది. మంచి ఉద్దేశంతో వచ్చిన ఆ నియమాన్ని కొన్నిచోట్ల చదువుకున్నవారికీ, అత్యవసరమున్నవారికీ యాంత్రికంగా వర్తింపజేయడంతో, అలా చేయవద్దని 2012లో అదే కోర్టు చెప్పవలసి వచ్చింది.

2010లో సుప్రీంకోర్టు గాయాల కేసుల్లో పద్దులను విడమరచి చెప్పింది. మామూలు గాయాల కేసుల్లో మూడే పద్దులు: వైద్యం, రవాణా, బలమైన ఆహారం వగైరా ఖర్చులు, వైద్యం జరిగిన కాలంలో పోయిన సంపాదన, నొప్పి, బాధ. తతిమ్మా పద్దులు తీవ్రమైన కేసులకే. చికిత్స చేయని డాక్టర్లు సిద్ధంగా ఉంచి ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ల విషయంలో జాగ్రత్తగా ఉండమని కూడా ఆ తీర్పులో ట్రిబ్యునళ్ళను హెచ్చరించింది. దొంగ క్లెయిముల బెడద అంతగా పెరిగింది. ఉత్తరప్రదేశ్‌లో దీనిపై 2015లో హైకోర్టు ఉత్తర్వుతో ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేశారు. దొంగ కేసు వేసినవాడు ఇన్సూరెన్సు కంపెనీ నొక్కణ్నే మోసగించడం లేదు. వాడి వల్ల నిజంగా దెబ్బ తగిలినవాణ్ని కూడా అందరూ అనుమానంగా చూస్తారు.

నిన్నమొన్నటి మార్పు 2025 మార్చి తీర్పు. పరిహారం సొమ్మును ట్రిబ్యునల్ ఉత్తర్వు ప్రకారం నేరుగా హక్కుదారు బ్యాంకు ఖాతాలో వేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి నెలలో మరొక ఉత్తర్వు. ట్రిబ్యునళ్ళలో ఎవరూ తీసుకోకుండా పడివున్న పరిహారాల గురించి గుజరాత్‌కు చెందిన ఒక రిటైర్డు జిల్లా జడ్జిగారు సుప్రీంకోర్టుకు వ్రాయగా, కోర్టు తానుగా కేసు చేపట్టి, హక్కుదారులను వెతికి ఇవ్వవలసిన పద్ధతి చెప్పింది. రిటైరయినవారు వ్రాసిన ఒక్క ఉత్తరం దేశమంతటా పనిచేసింది. మన సంఘ సభ్యులు ఇది గమనించాలి.

ఇంగ్లండులో ఏం చేశారు

మన పిల్లలు చాలామంది అక్కడున్నారు కాబట్టి పోలికకు నాలుగు మాటలు. ఇంగ్లండు, వేల్సులలో గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందాన్ని 1990 చట్టం అనుమతించగా, 1995 నుంచి అమలయింది. గెలిచినపుడు సొలిసిటరు తీసుకొనే అదనపు ఫీజును 2000 నుంచి ఓడిన పక్షమే భరించేది. చిన్న కేసుల్లో పరిహారం కంటే ఫీజులే ఎక్కువవుతున్నాయని గగ్గోలు పుట్టి, 2013 ఏప్రిల్ నుంచి ఆ అదనపు ఫీజును గాయపడినవారే తమ పరిహారంలోంచి ఇచ్చుకోవాలన్నారు. అయితే వ్యక్తిగత గాయాల కేసుల్లో దానికి 25 శాతం గరిష్ఠ పరిమితి పెట్టారు. భవిష్యత్ నష్టం క్రింద వచ్చిన సొమ్మును ఆ లెక్కలోంచి తీసివేశారు.

2021 మే 31 నుంచి కారు ప్రమాదాల్లో మెడ పట్టేసే గాయాలకు ధరల పట్టిక వేశారు. మూడు నెలల్లోపు తగ్గితే 240 పౌన్లు. పద్దెనిమిది నుంచి ఇరవైనాలుగు నెలలు పడితే 4,215 పౌన్లు. 2025 మేలో సుమారు 15 శాతం పెంచారు. రోడ్డు ప్రమాదాల్లో గాయం విలువ 5,000 పౌన్లలోపు ఉంటే చాలావరకు చిన్న క్లెయిముల క్రింద చూస్తారు. అక్కడ గెలిచినా సొలిసిటరు ఫీజు ఎదుటి పక్షం నుంచి రాదు. మనిషి తనంతట తానే నింపుకొనేలా ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టారు.

ఇది మంచిదా, చెడ్డదా అని అక్కడా వాదనలున్నాయి. పరిహారం మరీ తగ్గించారని ఒకరు, ప్రీమియం భారం తగ్గాలంటే తప్పదని ఒకరు. నాకు నచ్చినది ఒక్కటే. వాటా ఉంటుందని ఒప్పుకొన్నారు, ఒప్పుకొని దానికి హద్దు గీశారు. మనం ఉండకూడదని వ్రాసుకున్నాం, ఉన్నదానికి హద్దు గీయలేదు. నిషేధాన్ని నిజంగా అమలు చేయాలి, లేదా చిన్న కేసులకు ఒక పరిమితి వ్రాసి అది దాటనివ్వకూడదు. రెండూ చేయకపోవడం వల్ల నష్టపోయేది ఆకుకూరలమ్మే ఆ వృద్ధురాలి వంటివారే.

సభ్యులకు, కుటుంబాలకు విన్నపం

చరిత్ర చెప్పి ఊరుకుంటే ఉపయోగం లేదు గనుక నాకు తెలిసిన జాగ్రత్తలు కొన్ని వ్రాస్తున్నాను.

మొదటిది, గడువు. 1994లో తీసివేసిన ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ వచ్చింది. దాన్ని సవాలు చేసినవారు సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. అయినా మనం ప్రమాదం జరిగిన నాటినుంచి ఆరు నెలలే ఉన్నాయనుకొని కదలడం మంచిది.

రెండవది, కాగితాలు. పోలీసు రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, మందుల బిల్లులు, ఆటో రసీదులు ఒకే కవరులో ఉంచండి. పెన్షనరుకు పెన్షన్ ఆగదు కాబట్టి సంపాదన నష్టం పద్దు సాధారణంగా ఉండదు. మన కేసు నిలబడేది వైద్య ఖర్చులు, నొప్పి పద్దుల మీదనే. బిల్లు లేకపోతే ఆ పద్దు కూడా సన్నగిల్లుతుంది. 2022 నాటి నిబంధనల ప్రకారం పోలీసువారు 48 గంటల్లో ప్రాథమిక ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారేమో కనుక్కోండి.

మూడవది, మధ్యవర్తులు. ఆసుపత్రి మంచం దగ్గరకే వచ్చి కాగితాలపై సంతకం అడిగేవారికి సంతకం పెట్టవద్దు. వకీలును మీరే ఎంచుకోండి. వకాల్తా చదివి, చదివించుకొని సంతకం చేయండి. ఫీజు ఎంతో ముందుగానే మాట్లాడి కాగితం మీద వ్రాయించుకోండి. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు అడగండి. బ్యాంకు ఖాతా వివరాలు మీవే ఇవ్వండి. అవార్డు నకలు తెచ్చుకొని తెలిసినవారిచేత చదివించుకోండి.

నాల్గవది, వకీలు ఖర్చు లేని దారులు. 1987 నాటి న్యాయసేవల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. దాని క్రింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్ణీత ఆదాయంలోపు వారికి కూడా ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది. 15100 నెంబరుకు ఫోను చేయవచ్చు. చిన్న గాయాల కేసుకు లోక్ అదాలత్ మంచి చోటు. అక్కడి అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు కాబట్టి అంకె మీకు నచ్చితేనే ఒప్పుకోండి. ట్రిబ్యునల్ అవార్డుపై కూడా వివాదం లక్ష రూపాయలకు తక్కువైతే 2022 నుంచి అప్పీలు లేదు. కాబట్టి చిన్న కేసు మొదటి మెట్టులోనే సరిగా నడవాలి.

ఐదవది, గుద్ది పారిపోయిన వాహనం కేసు. బండి నెంబరు తెలియకపోయినా 2022 పథకం క్రింద మరణానికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50,000 వస్తాయి. 1982లో ఇవి రూ. 5,000, రూ. 1,000 మాత్రమే. దరఖాస్తు రెవెన్యూ అధికారులకు పెట్టాలి. వకీలు అవసరం లేదు. మన రెవెన్యూ శాఖ మిత్రులు ఇందులో ఇరుగుపొరుగుకు సాయపడవచ్చు. ఇక 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రుల్లో ఏడు రోజులదాకా, రూ. 1.5 లక్షలదాకా నగదు చెల్లించకుండా చికిత్స పొందే కేంద్ర పథకం వచ్చింది.

చివరిగా సంఘానికి ఒక సూచన. మనలో కోర్టు, పోలీసు, రెవెన్యూ, వైద్య శాఖల్లో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. నెలకొక ఆదివారం సంఘ భవనంలో రెండు గంటలు కూర్చుంటే చాలు. చదువురానివారు అవార్డు తెచ్చుకుంటే చదివి అంకె చెప్పవచ్చు, దరఖాస్తు నింపి పెట్టవచ్చు. చట్టం మార్చడం మన చేతుల్లో లేదు. అవార్డులో ఉన్న అంకె ఎంతో దాని హక్కుదారుకు తెలిసేలా చేయడం మన చేతుల్లోనే ఉంది. ఆసక్తి గల సభ్యులు కార్యదర్శిగారి వద్ద పేరు ఇవ్వగలరు. మొదటి పేరు నాదే వ్రాసుకోమని చెప్పాను.